ఆరుగురు దక్కయ్యలు, నాతో కలిపి ఏడుగురు

ఆ రోజుల్లో మా మార్కాపురం వైపు మగపిల్లవాడు పుడితే పేరు కోసం ఎవరూ తల బద్దలు కొట్టుకునేవారు కాదు. ఊళ్ళో చెన్నకేశవస్వామి కొలువై ఉన్నాడు కాబట్టి పుట్టినవాడు చెన్నకేశవులు, వాడి తర్వాత పుట్టినవాడు చిన్న చెన్నకేశవులు. దర్గాకి మొక్కుకున్న వాళ్ళింట్లో మస్తానయ్య, చర్చి వీధిలో యోహాను. ఉన్న నాలుగు పేర్లనే ఊరంతా సర్దుకుని, తాతది మనవడు తీసుకుని, హాయిగా బతికేవారు. పేరంటే చొక్కా లాంటిది, అన్నది తమ్ముడికి సరిపోతే చాలు అన్నట్టుండేది. ఇంత చక్కటి ఏర్పాటులో నేనొక్కడినే ఎవరి చొక్కా సరిపోనివాడిగా పుట్టాను. నా పేరు దక్కయ్య.

మీరు నవ్వుకుని ఉంటారు, ఫరవాలేదు. అలవాటే. బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి నుంచి పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా దాకా ఈ పేరు విన్న ప్రతివాడూ ఒకసారి నా ముఖం చూసి, అది ముద్దుపేరు అయ్యుంటుందిలే అనుకుని, అసలు పేరు చెప్పమనేవాడు. ఇదే అసలు అంటే, ఎందుకు పెట్టారని అడిగేవాడు. ఆ ఎందుకు అన్నదానికి జవాబు నాకు తెలుసు గానీ చెప్పడానికి సిగ్గుగా ఉండేది. కారణం ఏమిటంటే, నన్ను దోసెడు తౌడుకు అమ్మేశారు.

మాది బేస్తవారిపేట. మా నాయనకి అక్కడ పచారీ దుకాణం ఉండేది. (నేను పుట్టింది కర్నూలు జిల్లాలో, ఉద్యోగం చేసింది ప్రకాశం జిల్లాలో. మేము కదలలేదు, జిల్లాయే కదిలింది.) నాకంటే ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టారు, ముగ్గురూ దక్కలేదు. మా వైపు పసిబిడ్డలు చనిపోయారని ఎవరూ నోరారా అనరు, దక్కలేదు అంటారు. అందుకని నేను పుట్టిన పదకొండో రోజు మా అవ్వ, అంటే నాయనకి తల్లి, ఒక చేటలో పాతచీర ముక్క పరిచి నన్ను పడుకోబెట్టి వీధి గడపలోకి తీసుకుపోయింది. కొనుక్కోవడానికి వచ్చినామె మా దుకాణంలో మిరపకాయలకి తొడిమలు తీసే కూలి మనిషి. ఆమెది చర్చి వీధి. ఆమెకి ఆరుగురు పిల్లలు, ఆరుగురూ గుండ్రాళ్ళలా ఉండేవారు, అందుకే అవ్వ కన్ను ఆమె మీద పడింది. ఆమె దోసెడు తౌడు అవ్వ కొంగులో పోసి, నన్ను ఎత్తుకుని, కళ్ళు మూసుకుని తన ప్రభువుకి ఒక చిన్న ప్రార్థన కూడా చేసి (మా అవ్వ ఏ దేవుడి సాయమూ వద్దనే మనిషి కాదు), "ఈడు నాకు దక్కినాడు. నా బిడ్డను మీ ఇంట్ల సాకండి" అని మళ్ళీ అవ్వ చేతుల్లో పెట్టింది. ఆ ఇంటి పిల్లల్ని తీసుకుపోవడానికి అలవాటు పడ్డ మృత్యువు ఈసారి వస్తే, ఈ పిల్లవాడు ఈ ఇంటివాడు కాదని వెనక్కి పోవాలని ఏర్పాటు. నాయన అప్పటికే వేణుగోపాలరావు అని పేరు ఖాయం చేసి పెట్టుకున్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. కొన్నామె నోటి నుంచి ఏ మాట వచ్చిందో అదే పేరు అంది. అలా వేణుగోపాలరావు కావలసిన వాడిని దక్కయ్యనయ్యాను. తౌడు పోసినామెని నేను తౌడత్త అనేవాడిని. ఆమె మాత్రం రోజూ మిరపకాయల దగ్గరికి వస్తూనే, నా కొడుకు అన్నం తిన్నాడా అని అమ్మని దబాయించి మరీ అడిగేది.

పేరు వల్ల అసలు కష్టం హైస్కూల్లో మొదలైంది. మార్కాపురంలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడిని. మా క్లాసులో చెన్నకేశవులు అనేవాళ్ళు ఆరుగురు. ఎవడో కిటికీ అద్దం పగలగొట్టాడనుకోండి, చూసినవాడు చెన్నకేశవులు కొట్టాడు సార్ అని చెప్పేవాడు. లెక్కల మాస్టారు ఏ చెన్నకేశవులు అని అడిగితే ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. విచారణ నడుస్తుండగానే బెల్లు కొట్టేవారు. అదే దక్కయ్య కొట్టాడు అంటే ఇక విచారణ లేదు, శిక్షే. రాష్ట్రం మొత్తం వెతికినా ఆ పేరుకి ఇంకొకడు దొరకడు మరి. ఆరుగురు చేసిన తప్పులకి కూడా కొన్నిసార్లు నేనే దెబ్బలు తిన్నాను, ఎందుకంటే నా పేరు చెప్పడం అందరికీ సులువు. పదో తరగతి ఫారాలు నింపేటప్పుడు పేరు మార్చుకోవచ్చని తెలిసి ఇంటికి పరుగెత్తాను. నాయన సరేననే అన్నాడు. అవ్వ మాత్రం మంచం మీద నుంచి లేచి కూర్చుని, పేరు మారిస్తే బేరం చెడిపోతుందని, తాను బతికుండగా ఆ పని జరగదని చెప్పి, ఆ రోజు అన్నం మానేసింది. ఆమె పట్టుదల ముందు నా ఏడుపు ఏపాటిది.

పేరు వదిలించుకునే దారి మూసుకుపోయింది కాబట్టి, ఆ పేరుని పెంచే దారి పట్టాలని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. లోకంలో నేనొక్కడినే దక్కయ్యనైతే కదా ఈ బాధ. ఇంకో పదిమంది ఉంటే నేనూ చెన్నకేశవుల్లాగా గుంపులో కలిసిపోవచ్చు. నేను కన్ను మూసేలోగా కనీసం పదిమంది దక్కయ్యలు ఉండాలి, అది నా చేతుల మీదుగా జరగాలి అని ఒట్టు పెట్టుకున్నాను. (పదహారేళ్ళ వయసులో మిగతావాళ్ళు పెట్టుకునే ఒట్లు వేరు. అవి కూడా పెట్టుకున్నాను గానీ అవేవీ ఇంత గట్టిగా నిలబడలేదు.) గిద్దలూరులో స్నేహితుడి అక్కకి కొడుకు పుడితే పనిగట్టుకుని రైలెక్కి వెళ్ళి, పేరు నేను చెబుతాను అన్నాను. చెప్పాక ఆ ఇంట్లో పెద్దాయన నాకు కాఫీ కూడా ఇప్పించకుండా స్టేషన్ దాకా సాగనంపాడు. మా మేనత్త కూతురికి మగపిల్లవాడు పుట్టినప్పుడూ వదల్లేదు. నీ పేరు నీ దగ్గరే భద్రంగా పెట్టుకో నాయనా అని ఆమె దండం పెట్టింది. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్న రెండేళ్ళలో పెళ్ళయిన ప్రతి సహాధ్యాయినీ అడిగాను. నేను వస్తుంటే వాళ్ళు పక్క సందులోకి తిరిగేవారు.

ట్రైనింగ్ అయ్యాక సమితి బడిలో ఉద్యోగం వచ్చింది. పుల్లలచెరువు దాటి, నల్లమల వైపు నడిస్తే వచ్చే ఒక చిన్న ఊరు. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్ళు ఇప్పటికీ నన్ను బాగా చూసుకుంటారు. ఒకే గది బడి, ఒకే పంతులు, అది నేను. తాగే నీళ్ళకి ఊరంతా రెండు మైళ్ళ దూరంలో ఉన్న బావికి పోవాలి, కాబట్టి బడికి ఎందరు వస్తారన్నది బావిలో నీరు ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉండేది. నీరు అడుగంటితే అమ్మతో పాటు పిల్లలూ చెంబులు పట్టుకుని అక్కడే కూర్చునేవారు. జిల్లా కొత్తది, అధికారులు కొత్తవాళ్ళు, చిన్న బళ్ళను ఎత్తేస్తారని వదంతి. పిల్లల్ని చేర్పించు, లేకపోతే నిన్నూ బడినీ కలిపి ఎత్తేస్తారని సమితి గుమాస్తా పంపేటప్పుడే హెచ్చరించాడు. నేను ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేశాను. మొదటి పిల్లవాడి నాయన ఎదురుగా అడ్మిషన్ రిజిస్టరు తెరిచి పేరు అడిగితే, బుడ్డోడు అన్నాడు. బడి పేరు చెప్పవయ్యా అన్నాను. బడి పేరు బడిలోనే గదా పెట్టాల, మీరే పెట్టండి సారూ అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు ఆ ఊరి పద్ధతి. ముందు పుట్టినవాళ్ళు దక్కని ఇళ్ళలో, బతికిన పిల్లవాడికి బడికి వచ్చే వయసుదాకా గట్టి పేరు పెట్టరు. నల్లోడనో, మసోడనో, పొట్టోడనో ఏదో ఒక తీసిపారేసే మాటతో పిలుస్తారు. మంచి పేరు పెడితే ఎవరి కన్నో పడుతుందని భయం. ఆరేళ్ళు నిండి, బడి గడప తొక్కాక, ఇక ఫరవాలేదు అనిపించినప్పుడు పంతులు చేత పెట్టిస్తారు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది అనుకున్నాను. పేర్లు పెట్టే అధికారం మొత్తం నా చేతిలో, కలం నా చేతిలో, పేర్లు లేని పిల్లలు వరసగా ఎదురుగా. నా ఒట్టు తీరే రోజు వచ్చింది.

కానీ మనుషులు అంత తేలిగ్గా లొంగుతారా. మొదటివాడి నాయనతో, దక్కయ్య అంటే పూర్వం ఈ నల్లమలను ఏలిన మహారాజు అని గంభీరంగా చెప్పాను. రేపు మేకలకు పంపితే రాజుగారు మేకలు కాస్తున్నాడని నవ్వుతారు సారూ, వద్దు అన్నాడు ఆయన. రెండోవాడి తల్లితో అది ఆకాశంలో ఒక చుక్క పేరు అన్నాను. చుక్కలు రాలతాయి గదా అని ఆమె దిగులు పడింది. మూడోవాడి ఇంట్లో, ఆ పేరు పెట్టుకున్నవాడికి సర్కారు ఉద్యోగం వస్తుందన్నాను, నన్నే చూపించాను. వాళ్ళు నా చెప్పుల వైపు, చిరిగిన గొడుగు వైపు చూసి సినిమా హీరో పేరు రాయమన్నారు. రాశాను. వారం రోజుల్లో రిజిస్టరులో ముగ్గురు సినిమా హీరోలు, ఇద్దరు చెన్నకేశవులు చేరారు, దక్కయ్య మాత్రం ఒక్కడూ చేరలేదు. అయినా నేను వెనక్కి తగ్గలేదు. ఇంకా గొప్ప అబద్ధం ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండగా గంపమ్మ వచ్చింది.

గంపమ్మ అంటే అడవిలో చింతపండు, కుంకుళ్ళు ఏరి గంపలో పెట్టుకుని పుల్లలచెరువు సంతకి నడిచి పోయే మనిషి. చంకలో ఒళ్ళంతా మసిబొట్లు పెట్టిన పిల్లవాడు. ఆరేళ్ళవాడిని ఎత్తుకుని తిరుగుతున్నావేమమ్మా అంటే, దించితే ఏమవుతుందోనని భయం అంది. నేను నా మహారాజు కథ మొదలుపెట్టేలోగా ఆమె నన్ను ఆపి, నాకు ఆ పేరు ఎవరు పెట్టారని అడిగింది. అంతదాకా ఆ ఊళ్ళో ఎవరూ ఆ మాట అడగలేదు. చూసే చూపు సూటిగా ఉంది, అబద్ధం నోట్లోంచి రాలేదు. సిగ్గుపడుతూనే చేట, తౌడు, తౌడత్త మాట అన్నీ చెప్పేశాను.

"మీకంటే ముందు ముగ్గురా సారూ?"

"ముగ్గురమ్మా."

"మీరు దక్కినారు."

కనపడుతున్నాను కదమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. సంతలో గేదెను బేరం చేసేవాళ్ళు చూసినట్టు నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. తర్వాత పిల్లవాడిని చంక దించి, నా బల్ల ముందు నిలబెట్టి, "నాకు నలుగురు పోయినారు. ఈడికి ఆ పేరే రాయండి" అంది. ఇన్నేళ్ళూ నేను దాచుకున్న కారణమే ఆ పేరుకి ఉన్న అసలు విలువ అని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. రిజిస్టరులో రాశాను. లోకంలో రెండో దక్కయ్య.

ఆ తర్వాత నేను ఒక్క మాటా మాట్లాడవలసిన పని లేకపోయింది. బావి దగ్గర గంపమ్మ చెప్పిన కథ నా మూడు అబద్ధాల కంటే వేగంగా ఊరంతా పాకింది. పేరు రాయించడానికి వచ్చే తల్లులు రిజిస్టరు వైపు చూసేవారు కాదు, నన్ను చూసేవారు. ఒకామె నా పళ్ళు గట్టివేనా అని అడిగింది. ఇంకొకామె నా చెయ్యి పట్టుకుని చూసి, కండ తక్కువైంది, రాగిసంగటి తినమంది. ఏడాదిన్నరలో ఆరుగురు దక్కయ్యలు తయారయ్యారు. మసి దక్కయ్య, పొట్టి దక్కయ్య, మేకల దక్కయ్య, ఎర్ర దక్కయ్య, బావి దక్కయ్య (బావి దగ్గరే పుట్టాడట), ఇంకొకడు ఎప్పుడూ నిద్రపోతుండేవాడు కాబట్టి మబ్బు దక్కయ్య. హాజరు పిలిస్తే ఒకేసారి ఆరు గొంతులు ఉన్నా సార్ అనేవి. ఆ శబ్దం కోసం నేను కొన్నిసార్లు హాజరు రెండుసార్లు పిలిచేవాడిని. ఎవడో పలక పగలగొట్టినప్పుడు దక్కయ్య పగలగొట్టినాడు సార్ అని ఫిర్యాదు వస్తే, ఏ దక్కయ్య అని అడిగి, ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే నాకు కలిగిన ఆనందం ఏ బిరుదు ఇచ్చినా కలిగేది కాదు.

అయితే పేరు పెరిగేకొద్దీ నా మీద ఒక విచిత్రమైన బరువు పడింది. వానాకాలంలో నాకు చలిజ్వరం తగిలింది. పొద్దున లేవలేక బడి అరుగు మీదే ముసుగు తన్ని పడుకున్నాను. గంటలో ఆరుగురు తల్లులు చుట్టూ చేరారు. ఒకరు కషాయం, ఒకరు గంజి, ఒకరు దిష్టి తీయడానికి ఉప్పూ మిరపకాయలూ. నా మీద ఇంత ప్రేమా అని కళ్ళు చెమర్చాయి. కాసేపటికి అర్థమైంది, వాళ్ళ భయం నా గురించి కాదు. పెద్ద దక్కయ్యకే ఏమన్నా అయితే ఇక ఆ పేరు ఏం పనిచేస్తుంది? అదీ సంగతి. గంపమ్మ నా నోట్లో చేదు కషాయం పోస్తూ, "మీరు పడుకుంటే కుదరదు సారూ. లెయ్యాల" అంది. లేచాను. లేవకపోతే వదిలేలా లేరు. అప్పటినుంచి తుమ్ము వచ్చినా ఊరి బయటికి పోయి తుమ్మేవాడిని. ఆ ఊళ్ళో ఉన్న నాలుగేళ్ళలో నేను మళ్ళీ జబ్బు పడలేదు. జబ్బు పడే స్వతంత్రం నాకు లేదు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం పొద్దున, పది గంటల వేళ, ఎవరికీ చెప్పకుండా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చేశారు. ఒంగోలు వైపు మనిషి, తెల్లటి పంచె, ముక్కు చివర కళ్ళద్దాలు. దారిలో రెండు బళ్ళలో లేని పిల్లల్ని రిజిస్టరులో రాసుకున్న పంతుళ్ళను పట్టుకుని, ఆ ఊపులో మా దగ్గరికి వచ్చారు. మజ్జిగ ఇప్పించి రిజిస్టరు ముందు పెట్టాను. వేలితో ఒక్కో పేరూ చూసుకుంటూ పోయి ఒకచోట ఆగారు. వెనక్కి వచ్చారు. మళ్ళీ ముందుకి పోయారు. ఆ రోజు బావిలో నీరు అడుగంటింది కాబట్టి ఆరుగురిలో నలుగురు తల్లుల వెంట బావి దగ్గరే ఉన్నారు. బడిలో ఉన్నది మసి దక్కయ్య, మబ్బు దక్కయ్య, అందులోనూ రెండోవాడు నిద్రలో ఉన్నాడు.

"చూడండి మాస్టారూ," అన్నారాయన చాలా శాంతంగా, "దొంగ పేర్లు రాసేవాళ్ళని చాలామందిని చూశాను. కానీ ఒకే పేరు ఆరుసార్లు రాసినవాణ్ణి చూళ్ళేదు. అదీ మీ పేరే రాశారు. కనీసం కాస్త ఆలోచించి రాయాలి కదండీ."

ఆరుగురూ నిజమేనని, నీళ్ళకి పోయారని గొణిగాను. ఆయన నమ్మలేదు, నేనే ఆయన అయినా నమ్మేవాడిని కాదు. ఉన్న పిల్లలైతే వేరువేరు పేర్లు పెట్టి ఇప్పుడే సరిచేయమన్నారు, లేదా ఆరు పేర్లూ కొట్టేసి సంతకం పెట్టమన్నారు. ఆరుగురు పోతే బడి నిలబడదు, బడి పోతే నా ఉద్యోగమూ పోతుంది. ఇక్కడ నా పట్టుదల గురించి నిజం చెప్పాలి. పదహారో ఏట పెట్టుకున్న ఒట్టు, గిద్దలూరు రైలు ప్రయాణం, మేనత్త కూతురి దండం అన్నీ ఆయన కలం మూత తీసిన చప్పుడుకే ఎగిరిపోయాయి. అలాగే సార్, మార్చేస్తాను సార్ అని నా నోరే అంది. కొత్త పేర్లు ఆలోచించడానికి కూడా ధైర్యం చాలక, ఆరుగురినీ చెన్నకేశవులు చేసేద్దామని కలం సిరాలో ముంచాను. అది చూసి మసి దక్కయ్య లేచి, అడగకుండానే గుమ్మం దాటి, బావి వైపు పరుగు తీశాడు.

ఇన్‌స్పెక్టర్ గారు మజ్జిగ తాగుతూ గంటకు పైగా పిల్లల చేత ఎక్కాలు, పద్యాలు చెప్పించారు. నేను కలం పట్టుకుని, సిరా ఎండిపోతే మళ్ళీ ముంచుకుంటూ కాలయాపన చేశాను. (సిరా బాగాలేదని రెండుసార్లు అబద్ధం చెప్పాను, నా వంతు పోరాటం అంతవరకే.) చివరికి మొదటి పేరు మీద కలం పెట్టబోతుండగా బయట అడుగుల చప్పుడు. నెత్తి మీద నీళ్ళ కుండలు దించకుండానే తల్లులు వచ్చారు, వెనక నలుగురు దక్కయ్యలు చెంబులతో. గంపమ్మ కుండ గుమ్మం పక్కన దించి లోపలికి వచ్చి, సిరా కారుతున్న నా కలం వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ గారి వైపు తిరిగింది.

"మా పిల్లోళ్ళ పేర్లు మారుస్తారంట గదా అయ్యా."

ఆయన మర్యాదగానే చెప్పారు. ఒక బడిలో ఒకే పేరు ఆరుగురికి ఉండటం కుదరదని, రికార్డుకి ఇబ్బందని, ఇంకా మంచి పేర్లు చాలా ఉన్నాయని, కావలిస్తే తానే చెబుతానని అన్నారు. గంపమ్మ అంతా విని, మసి దక్కయ్యను ముందుకి లాగి నిలబెట్టింది.

"ఈడికి ముందు నలుగురిని గుంతలో పెట్టినాను. ఈడు దక్కినాడు. దక్కినోడికి దక్కయ్య గాక ఇంకేం పేరు పెడతారయ్యా? మీరు బడి ఎత్తేస్తే ఎత్తేయండి. పేరు మాత్రం తీయొద్దు."

పొట్టి దక్కయ్య తల్లి వాడి భుజం మీద చెయ్యి వేసి, నాకు ఇద్దరు అంది. పక్కామె, ముగ్గురు, అందులో ఒకడు నడక కూడా నేర్చినాడు అంది. మబ్బు దక్కయ్య తల్లి వేళ్ళు చూపించింది. ఇన్‌స్పెక్టర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నన్ను చూసి, మీకు ముందు ఎంతమందయ్యా అని అడిగారు. ముగ్గురు సార్ అన్నాను. ఆయన తలూపి, తనిఖీ పుస్తకం తెప్పించుకుని, తన చేత్తోనే రాశారు. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు: ఈ పాఠశాలలో దక్కయ్య అను పేరుగల బాలురు ఆరుగురు కలరు, ఆరుగురినీ తల్లులతో సహా స్వయంగా చూచితిని, అందరూ నిజమే. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, తల్లుల పేర్లు పక్కన రాసుకుంటే హాజరు సులువవుతుందని సలహా ఇచ్చారు. నాతో మాత్రం, ఇంకెవరికీ ఈ పేరు పెట్టకండి మాస్టారూ అన్నారు. ఆయన కోప్పడుతున్నారనుకున్నాను. అది కోపం కాదని తెలుసుకోవడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

ఆ సాయంత్రం గంపమ్మ నాతో మాట్లాడలేదు. మూడో రోజున ఒక గంపలో చింతపండు తెచ్చి బల్ల మీద పెట్టి, ఈసారి ఎవరన్నా వస్తే నన్ను పిలవండి అని మాత్రం చెప్పింది. మాస్టర్ని నేను, ధైర్యం ఆమెది అని ఒప్పేసుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత పొదిలి వైపు బదిలీ అయింది. ఎన్ని ఊళ్ళు తిరిగినా నా లెక్క ఏడు దగ్గరే ఆగింది. అయినా పదిమంది అన్న ఆశ మాత్రం లోపల ఎక్కడో మిగిలే ఉంది. ఎక్కడ బారసాల జరిగినా చెవి అటే పోయేది.

నాకు యాభై దగ్గర పడుతుండగా మసి దక్కయ్య వచ్చాడు. కండలు తిరిగిన మనిషయ్యాడు, తాపీ మేస్త్రి. కొడుకు పుట్టాడని, పేరు పెట్టే రోజుకి మీరు రాకపోతే అమ్మ ఊరుకోదని చెప్పి బలవంతంగా మాట తీసుకున్నాడు. నాకు బలవంతం అక్కర్లేదని వాడికేం తెలుసు. తాత పేరో తండ్రి పేరో పెట్టుకునే ఇల్లు, ఇక ఎనిమిదోవాడు ఖాయం అనుకుంటూ కొత్త చొక్కా తొడుక్కుని బస్సెక్కాను. ఊరు మారింది. బజారులో కుళాయి, రోడ్డు మీదే ఆరోగ్య కేంద్రం, దాని ముందు సూది మందుకి వరస కట్టిన చంటిపిల్లల తల్లులు. పందిట్లోకి వెళ్ళి కూర్చున్నాక, ఏం పేరు అనుకున్నారని తెలియనట్టే అడిగాను. రోహిత్ సార్ అన్నాడు మసి దక్కయ్య, సంతోషంగా.

నా ముఖం ఎలా మారిందో నాకు తెలియదు గానీ, గంపమ్మకి తెలిసింది. జుట్టు పూర్తిగా నెరిసింది, చూపు మాత్రం అదే సూటి చూపు. పక్కన చతికిలపడి, కొంచెం నిష్ఠూరంగానే నేను అడిగినదంతా విన్నది. ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి కాపాడుకున్న పేరు కదమ్మా, ఇంతలో మోటదైపోయిందా అన్నాను. పైగా ఈ ఊళ్ళో ఇప్పుడు చిన్నపిల్లల్లో ఒక్క దక్కయ్య కూడా లేడట కదా అన్నాను.

"మోటేం కాదు సారూ," అంది ఆమె. "ఈడు మొదటి కాన్పు. ఆ పేరు పెట్టాలంటే ముందు ఎవురన్నా పోవాల గదా."

పదిమంది కావాలని పదహారో ఏట ఎంత పట్టుదలగా కోరుకున్నాను. ఒక్కొక్క దక్కయ్య వెనక ఎన్ని చిన్న గుంతలు ఉంటాయో ఒక్కసారైనా లెక్క వేసుకోకుండా, ఊరూరా తిరిగి, రైళ్ళెక్కి, అబద్ధాలు ఆడి మరీ కోరుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గారు గుమ్మంలో ఆగి అన్న మాట అప్పుడు అర్థమైంది. నాలోని ఆ పదహారేళ్ళ కుర్రవాడి మీద నాకు కోపం రాలేదు. ఒంటరివాడు, తోడు కోసం చూసుకున్నాడు, అంతే. కానీ వాడి కోరిక తీరనందుకు ఆ పందిట్లో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కాసేపటికి గంపమ్మ బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పేరు చెవిలో మూడుసార్లు చెప్పాలని, అది నా నోటితోనే జరగాలని ఇంటిల్లిపాదీ అన్నారు. వాడు గుప్పెట్లు బిగించి, బాగా తాగి, ఏ భయమూ లేకుండా నిద్రపోతున్నాడు. నిజం దాచడమెందుకు, వంగి ఆ చెవి దగ్గర నోరు పెట్టినప్పుడు ఒక్క క్షణం పాత బుద్ధి లేచింది. చెవిలో చెప్పే మాట ఎవరికి వినపడుతుంది కనుక. ఊపిరి తీసుకుని, రోహిత్ అన్నాను. ఎదురుగా ఉన్న గంపమ్మకి కూడా వినపడేంత గట్టిగా, మూడుసార్లూ అదే అన్నాను.